మా ఎంపీ సభలో గట్టిగా అడిగారు, మంత్రి ఉలకలేదు పలకలేదు. మరి దానివల్ల ఉపయోగమేంటి?

మీరు అడిగింది ఇదీ: మీ ఎంపీ లోక్‌సభలో ఉద్యోగ పరీక్షల పేపర్ లీకుల గురించి గట్టిగా మాట్లాడారు. ఆ వీడియో మీ ఊరి వాట్సాప్ గ్రూపులన్నింటిలో తిరిగింది. కానీ మంత్రి లేచి ఒక్క మాట చెప్పలేదు, వెనక బెంచీలు ఖాళీగా కనిపించాయి. ఇదంతా కెమెరా కోసమేనా, దేశం మొత్తానికి సంబంధించిన సమస్యను ఒక మామూలు ఎంపీ లేవనెత్తితే నిజంగా ఏమైనా కదులుతుందా అని.

కెమెరా కోసం కొంత ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను. నేను ఢిల్లీలో 11 ఏళ్లు ఎంపీల దగ్గర పనిచేశాను. మొదట ఒక రాజ్యసభ సభ్యుడి దగ్గర ఆరేళ్లు, తర్వాత లోక్‌సభకు గెలిచిన ఒక మేడమ్ దగ్గర ఐదేళ్లు. ప్రశ్నలు రాయడం, నోటీసులు పెట్టడం, ప్రసంగాలకు లెక్కలు తీసివ్వడం, సభ అయ్యాక వీడియో ముక్క కత్తిరించి ఊరికి పంపడం, అన్నీ చేశాను. వీడియో పంపే పని పది నిమిషాలు. ఆ తర్వాత చేయాల్సిన పనికి నెలలు పట్టేది. చాలామంది ఎంపీల ఆఫీసుల్లో ఈ రెండో పని చేసే మనిషే ఉండడు. సభలో అన్న మాటకు విలువ వస్తుందా రాదా అన్నది నా అనుభవంలో అక్కడే తేలుతుంది.

ముందు మంత్రి ఎందుకు పలకలేదో చెబుతాను. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే అది జీరో అవర్. నిబంధనల పుస్తకంలో ఆ పేరే ఉండదు, 1960ల్లో అలవాటుగా మొదలై అలాగే స్థిరపడిపోయింది. లోక్‌సభలో 11 నుంచి 12 దాకా ప్రశ్నోత్తరాలు, ఆ తర్వాత ఇది. రాజ్యసభలో 2014 నుంచి తిరగేశారు, జీరో అవర్ ముందు, ప్రశ్నలు 12కు. ముందుగా నోటీసు పెట్టుకోవాలి, పేరు రావాలి, వస్తే రెండు మూడు నిమిషాలు. మంత్రి అక్కడికక్కడే జవాబు చెప్పి తీరాలన్న నియమం ఏదీ లేదు. ఆ మాటల నకలు తర్వాత సంబంధిత శాఖకు వెళుతుంది, అక్కడ ఏం చేయాలన్నది వాళ్ల ఇష్టం. కాబట్టి మంత్రి పలకకపోవడం మీ ఎంపీకి జరిగిన అవమానమేమీ కాదు, ఆ గంట తీరే అంత.

రాజ్యసభలో అయితే మూడు నిమిషాలు కాగానే మైకు దానంతటదే ఆగిపోతుంది. మా సార్‌కు మొదటిసారి అవకాశం వచ్చినప్పుడు "గౌరవనీయులైన చైర్మన్ గారికి నమస్కారాలు, నాకు ఈ అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు, తెలుగు ప్రజల తరఫున..." అంటూ మొదలుపెట్టారు. నమస్కారాలకే 40 సెకన్లు పోయాయి. సమస్య చరిత్రకు రెండు నిమిషాలు. "కాబట్టి ప్రభుత్వాన్ని నేను కోరేదేమిటంటే" అనేసరికి మైకు ఆగిపోయింది. మర్నాడు రికార్డు తెచ్చి చూస్తే ఏం కోరారో అందులో లేదు! దేనికోసం లేచారో ఆ ముక్క తప్ప మిగతాదంతా పార్లమెంటు చరిత్రలో భద్రంగా ఉంది. ఆ తర్వాత సౌత్ అవెన్యూలో ఎంపీలకిచ్చే ఫ్లాట్‌లో వంటగది బల్ల మీద ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి నాలుగైదుసార్లు చదివించేవాణ్ని. కోరిక మొదటి వాక్యం, లెక్క రెండో వాక్యం, కథ టైమ్ మిగిలితే. సార్‌కు మొదట్లో అది మొరటుగా అనిపించింది. అడ్వకేట్‌గా ముప్పై ఏళ్లు వాదించిన మనిషి మరి, ఉపోద్ఘాతం లేకుండా నోరు తిరిగేది కాదు.

తెలుగులో మాట్లాడొచ్చా అని కూడా చాలామంది అడుగుతారు. మాట్లాడొచ్చు. రాజ్యాంగం 120వ అధికరణ హిందీ, ఇంగ్లీషులను సభా భాషలుగా పెట్టినా, వాటిలో సరిగ్గా చెప్పలేని సభ్యుడికి మాతృభాషలో మాట్లాడే అనుమతి సభాపతి ఇవ్వొచ్చు. ముందుగా చెబితే అనువాదకులను ఏర్పాటు చేస్తారు. మా మేడమ్ కరవు మీద ఒకసారి తెలుగులోనే మాట్లాడారు. ఇంగ్లీషులో ఆమె మాటలు ప్రెస్‌నోట్‌లా వినిపించేవి, ఆ రోజు మాత్రం ముందు వరుసలో వాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మంత్రి జవాబు చెప్పి తీరాల్సిన దారులు వేరే ఉన్నాయి. లోక్‌సభలో 377 నిబంధన కింద 250 పదాల్లోపు ఒక విషయం రాసిస్తే దానికి శాఖ నుంచి రాతపూర్వక జవాబు వస్తుంది. రాజ్యసభలో అలాంటిదాన్నే ప్రత్యేక ప్రస్తావన అంటారు. వీటిలో వీడియోకు పనికొచ్చే ఆవేశమేమీ ఉండదు. కానీ చేతికి కాగితం వస్తుంది. అంతకంటే పదునైనది ప్రశ్న. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి జవాబు చెప్పాలి, అడిగిన సభ్యుడు దాని మీద రెండు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. లోక్‌సభలో రోజుకు 20 ఇలాంటివి జాబితాలోకి వస్తాయి, గంటలో నాలుగైదు జరిగితే గొప్ప. గుర్తు లేనివి రోజుకు 230, వాటికి రాతలో జవాబు. ఎవరూ చూడని ఈ 230లోనే సరుకంతా ఉంటుంది. రీసెర్చ్ చేసేవాళ్లూ, జర్నలిస్టులూ తవ్వుకునేది వాటినే.

అయితే ప్రశ్న రాయడం అనేది అచ్చంగా ఒక పనితనం. నేను మొదట్లో గల్ఫ్‌లో చనిపోయే మన కార్మికుల గురించి ఒకటి రాశాను. కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి వెళ్లినవాళ్ల శవపేటికలు శంషాబాద్ విమానాశ్రయంలో దిగడం చూసి కడుపు మండి రాసింది. "గల్ఫ్ దేశాల్లో భారతీయ కార్మికులు దయనీయ పరిస్థితుల్లో మరణిస్తున్న సంగతి ప్రభుత్వ దృష్టికి వచ్చిందా? వస్తే తీసుకుంటున్న చర్యలేమిటి?" అని. జవాబు ఎలా వచ్చి ఉంటుందో ఊహించండి. "వచ్చింది, ప్రభుత్వం కార్మికుల సంక్షేమానికి కట్టుబడి ఉంది, ఫలానా ఫలానా పథకాలు అమలులో ఉన్నాయి." పేజీన్నర. అందులో పనికొచ్చే అక్షరం లేదు. తప్పు నాదే. "దృష్టికి వచ్చిందా" అని అడిగితే "వచ్చింది" అంటారు, "చర్యలేమిటి" అంటే పథకాల పేర్లు చదువుతారు. తర్వాతి సమావేశాల్లో దాన్నే విడగొట్టి రాశాను: గత మూడేళ్లలో ఏ దేశంలో ఎంతమంది చనిపోయారు, ఏడాదివారీగా, వారిలో ఎన్ని కుటుంబాలకు పరిహారం అందింది, ఎన్ని మృతదేహాలు స్వదేశానికి చేరాయి. ఈసారి అనుబంధంగా ఒక పట్టిక వచ్చింది. ఆ ఒక్క పట్టిక పట్టుకుని మేడమ్ బడ్జెట్ చర్చలో మాట్లాడారు, వార్తాపత్రికలు రాశాయి, కార్మిక సంఘాలవాళ్లు కోర్టు కాగితాలకు జత చేసుకున్నారు. ఆవేశమంతా పోసి రాసిన మొదటి ప్రశ్నను ఇప్పుడు ఎవరూ తలుచుకోరు.

లెక్కతో సభను కదిలించడం మనవాళ్లకు కొత్తేం కాదు. 1963లో సోషలిస్టు నేత రామ్‌మనోహర్ లోహియా ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టగానే, ఈ దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడు అణాలతో (అణా అంటే రూపాయిలో పదహారో వంతు) బతుకుతున్నారని లేచారు. నెహ్రూ పక్షం లెక్క 15 అణాలు. ఎవరి లెక్క ఎంతవరకు సరి అన్నది ఆర్థికవేత్తలు తేల్చుకోవాల్సిన సంగతి. కానీ పేదరికం మీద జాలిపడటం వేరు, "అణాలు లెక్కపెట్టు" అని ప్రధానిని నిలదీయడం వేరు. "మూడు అణాల చర్చ" అనే పేరు ఇప్పటికీ నిలిచిందంటే అందుకే.

ఇక జవాబులో "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అనో, "విషయం పరిశీలనలో ఉంది" అనో వస్తే చాలామంది ఎంపీలు నిట్టూర్చి పక్కన పడేస్తారు. అలా పడేయకూడదు. మాకు అది పండగ! ఎందుకంటే అలాంటి మాటలు ప్రభుత్వ హామీ కిందికి వస్తాయి. 1953 నుంచి లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ ఒకటి ఉంది, తర్వాత రాజ్యసభలోనూ ఏర్పడింది. హామీ ఇచ్చిన మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే గడువు పొడిగించమని ఆ శాఖ కమిటీని అడుక్కోవాలి, కాదంటే హామీని రద్దు చేయమని కారణం చెప్పుకోవాలి. మా సార్ వేసిన ఒక ప్రశ్నకు ఇలాగే "సేకరిస్తున్నాం" అని వచ్చింది. ఏ శాఖో ఎందుకులెండి. మూడు నెలలకు గుర్తుచేశాం, ఆరు నెలలకు గుర్తుచేశాం. ఒకరోజు ఆ శాఖ నుంచి ఒక అండర్ సెక్రటరీ గారు నాకు ఫోన్ చేసి "మీ సార్‌కు ఆ సమాచారం నిజంగానే కావాలా?" అని అడిగారు. కావాలన్నాను. ఇంకో నెలకు వచ్చింది, సభ బల్ల మీదకు. ఆ ఫోన్ కాల్‌లో నాకు అర్థమైందేమిటంటే, వెంటపడి అడిగేవాళ్లు అంత తక్కువన్నమాట.

ఈ వెంటపడటం ఎంత దూరం వెళ్లగలదో చూపించే కథ నాకు ఎప్పుడూ ముంద్రా వ్యవహారమే. ఎల్ఐసీ పుట్టింది 1956 సెప్టెంబర్‌లో. ఏడాది తిరక్కముందే, 1957 జూన్‌లో, హరిదాస్ ముంద్రా అనే కలకత్తా వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల షేర్లను సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలు పెట్టి కొనేసింది, తన సొంత పెట్టుబడుల కమిటీని అడగకుండానే. సెప్టెంబర్‌లో లోక్‌సభలో దీని మీద ఒక ప్రశ్న పడింది. జవాబు దాటవేతగా వచ్చింది. నవంబర్‌లో మళ్లీ పడింది. అప్పుడు కూడా అంతే. డిసెంబర్ 16న రాయ్‌బరేలీ సభ్యుడు ఫిరోజ్ గాంధీ లేచారు. కాంగ్రెస్ ఎంపీ, పైగా ప్రధాని అల్లుడు. ఆయన చేతిలో ఉన్నది మంత్రిత్వ శాఖ అంతకుముందు సభకు ఇచ్చిన జవాబులూ, ఏ షేరు ఏ ధరకు కొన్నారు, మార్కెట్లో ధర ఎంత అన్న లెక్కలూ. మీరు అప్పుడు ఇలా చెప్పారు, నిజం ఇదీ అని పక్కపక్కన పెట్టి చదివారు. నెహ్రూ ప్రభుత్వం విచారణకు ఒప్పుకోక తప్పలేదు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చాగ్లా బహిరంగంగా విచారణ నడిపి నెల రోజులు పట్టకుండా ముగించారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు, ఆ ఏడాది బడ్జెట్ నెహ్రూ స్వయంగా చదవాల్సి వచ్చింది. అందరూ ఫిరోజ్ గాంధీ ప్రసంగాన్నే తలుచుకుంటారు. సెప్టెంబర్, నవంబర్ ప్రశ్నలు లేకపోతే ఆ ప్రసంగానికి కాళ్లుండేవి కావని నా అభిప్రాయం. దాటవేసిన జవాబు కూడా ఒక సాక్ష్యమే, దాన్ని దాచుకున్నవాడికి.

అధికార పక్షం సభ్యుడు సొంత ప్రభుత్వాన్ని అలా ఉతికి ఆరేయడం ఇప్పుడు చూడగలమా? కష్టం. 1985 ఫిరాయింపుల చట్టం విప్‌కు, అంటే ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశానికి, వ్యతిరేకంగా ఓటేసినా, ఓటింగ్‌కు రాకపోయినా, పార్టీని వదులుకున్నా పదవి తీస్తుంది, సభలో విమర్శించినంత మాత్రాన కాదు. కానీ పెద్ద చర్చల్లో ఎవరు మాట్లాడాలో పార్టీయే పేర్లు ఇస్తుంది, పార్టీ బలాన్ని బట్టి నిమిషాలు పంచుతారు. నలుగురు ఎంపీలున్న పార్టీకి నాలుగైదు నిమిషాలు దక్కితే అదృష్టం. టికెట్ టెన్షన్ సరేసరి. ఖాళీ బెంచీల గురించి మాత్రం మరీ చెడ్డగా అనుకోకండి. కొందరు కమిటీల్లో ఉంటారు, కొందరు మంత్రుల గదుల బయట నియోజకవర్గం ఫైళ్లతో నిలబడి ఉంటారు, కొందరు, ఒప్పుకోవాలి, క్యాంటీన్‌లో ఉంటారు.

మన దగ్గరి ఉదాహరణ చెప్పకపోతే ఈ జవాబు పూర్తి కాదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో రాష్ట్ర విభజన బిల్లు మీద చర్చ. వెంకయ్యనాయుడు లాంటివాళ్లు ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కావాలని పట్టుబట్టారు, ఐదేళ్లు చాలదు పదేళ్లన్నారు. ప్రధాని మన్మోహన్‌సింగ్ లేచి 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లపాటు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రకటించారు. ఆ మాట రాజ్యసభ రికార్డులో అక్షరం పొల్లుపోకుండా ఉంది. చట్టంలో లేదు. బిల్లులో ఒక్క అక్షరం మార్చినా అది మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి, ఆ లోక్‌సభ ఆఖరి సమావేశాలు మర్నాడే ముగుస్తున్నాయి. మూడు నెలల్లో ప్రభుత్వం మారింది. రాష్ట్రాలకు కేంద్ర నిధుల వాటా సిఫారసు చేసే 14వ ఆర్థిక సంఘం పేరు చెప్పి హోదా బదులు 2016 సెప్టెంబర్‌లో ప్రత్యేక ప్యాకేజీ ప్రకటించారు. నోటి మాట నీటి మూట అని మనవాళ్లు ఊరికే అనలేదు. అయితే ఆ మాట రికార్డులో ఉండబట్టే ఆ తర్వాత అన్ని పార్టీలవాళ్లూ ఏళ్లతరబడి దాన్ని చూపించి అడగగలిగారు. సభలో చెప్పించుకున్న మాటకు ఉన్న బలమూ, బలహీనతా రెండూ ఇక్కడే కనిపిస్తాయి.

దాని కొనసాగింపే 2018 జూలై 20 నాటి అవిశ్వాస తీర్మానం. తెలుగుదేశం ఎంపీ కేశినేని నాని నోటీసు ఇచ్చారు, గుంటూరు ఎంపీ గల్లా జయదేవ్ చర్చ మొదలుపెట్టి హోదా, విభజన హామీల లెక్కలు చదివారు. రోజంతా నడిచింది. చివరికి తీర్మానానికి 126, వ్యతిరేకంగా 325. ఆ రాత్రి దేశమంతా టీవీల్లో ఏం చూసింది? రాహుల్ గాంధీ వెళ్లి మోదీని కౌగిలించుకోవడం. చర్చ మన రాష్ట్రం పేరు మీద మొదలైందని మన రాష్ట్రం దాటితే గుర్తున్నవాళ్లు అరుదు. ఆ రోజు నేను ఢిల్లీలో ఆఫీసులో కూర్చుని రెవెన్యూ లోటు అంకెలు పక్కనపెట్టుకుని టీవీ చూస్తున్నాను. ఆ కౌగిలింతతో మా కాగితాలకు ఆ పూట పనైపోయిందని అప్పుడే తెలిసిపోయింది.

గట్టిగా మాట్లాడటం గురించి ఒక్క మాట. సభలో అన్న మాటకు కోర్టులో కేసు ఉండదు, 105వ అధికరణ రక్షణ ఇస్తుంది. అలాగని ఎవరి పేరైనా పెట్టి ఆరోపణ చేయొచ్చని కాదు. ముందుగా నోటీసు ఇవ్వకుండా పరువు తీసే ఆరోపణ చేస్తే స్పీకర్ ఆపుతారు, రికార్డు నుంచి తీసేయిస్తారు. వీడియోలో అత్యంత వేడిగా అనిపించే వాక్యమే చాలాసార్లు రికార్డులో ఉండదు.

ఇక మీ ఎంపీ సంగతి. పేపర్ లీకుల మీద 2024లో కేంద్రం ఒక చట్టం తెచ్చింది, పబ్లిక్ పరీక్షల్లో అక్రమాల నిరోధక చట్టం. అది యూపీఎస్సీ, ఎస్ఎస్‌సీ, రైల్వే, బ్యాంకు నియామకాలు, ఎన్‌టీఏ (నీట్, జేఈఈ లాంటివి నడిపే సంస్థ) పరీక్షలకు వర్తిస్తుంది. రాష్ట్ర సర్వీస్ కమిషన్ల పరీక్షల గురించి పార్లమెంటులో ప్రశ్న పెడితే రాష్ట్ర విషయమని తిప్పి పంపుతారు, కాబట్టి వాటిని కలపకండి. మీరు నలుగురు కుర్రాళ్లు కలిసి ఎంపీ గారి ఆఫీసుకు వెళ్లి, ఆ వీడియోను మెచ్చుకుని (ఇది మరిచిపోవద్దు, పని జరుగుతుంది), పీఏ గారి చేతిలో ఒక కాగితం పెట్టండి. అందులో ఇంతే రాయండి: ఆ చట్టం అమలులోకి వచ్చినప్పటి నుంచి దాని కింద నమోదైన కేసులు ఎన్ని, పరీక్షవారీగా, ఏడాదివారీగా, ఎన్నింటిలో చార్జిషీటు వేశారు, ఎంతమందికి శిక్ష పడింది, రద్దయిన లేదా వాయిదాపడిన పరీక్షలు ఏవి, తిరిగి ఏ తేదీన జరిపారు. 150 పదాల పరిమితిలో హాయిగా సరిపోతుంది. నోటీసు కనీసం 15 రోజుల ముందు పడాలి, కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించగానే వెళ్లండి, సభ మొదలయ్యాక వెళితే ఆలస్యమైనట్టే. జవాబు లోక్‌సభ వెబ్‌సైట్లో అదే రోజు దొరుకుతుంది. అందులో "సమాచారం సేకరిస్తున్నాం" అని ఉంటే ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకుని, సరిగ్గా మూడు నెలలకు పీఏ గారికి మళ్లీ ఫోన్ చేయండి.